మూతిపట్టీ ముడి

దీపాలు పెట్టే వేళకు వెట్టియస్ మేడ మెట్లెక్కి ట్రేబియస్ గదికి వచ్చాడు. రోము నగరాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించే నాటక సమాజం యజమాని ఆయన. ఇప్పుడు మాత్రం కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ట్రేబియస్ ఒకప్పుడు న్యాయస్థానంలో బంట్రోతు. ఇప్పుడు అడిగినవాళ్ళకు నిజం వెతికిపెట్టడమే పని. అతని సహాయకుడు హైలస్‌కు ఆయన మాటంటే గురి.

"అపోలో దేవుడి ఆటల్లో ఇవాళ ఆఖరి రోజు. మా సన్నాయి వాయించే హెర్మియో పాట మధ్యలో కూలిపోయాడు. విషమంటున్నారు. దేవుడి ముందు సన్నాయి ఆగితే ఆటలు చెడినట్టే గదా! రేపు మళ్ళీ ఆడాలి. నిన్నా ఇంతే, ఊదే రెల్లు చీలిందని ఆపేశాడు. న్యాయాధికారి మండిపడి మా పార్డోను కట్టేయించారు."

"పార్డో ఎవరు?"

"నా బానిస. గడుసు బానిస వేషాలన్నీ వాడివే. ఆటకు ముందు హెర్మియోకు ద్రాక్షసారా పోసింది వాడేనట. రేపు పొద్దున్నే కొరడాల విచారణ."

హైలస్ తల దించుకున్నాడు. దెబ్బలు తిన్నాక చెబితేనే బానిస మాట సాక్ష్యం. అతనూ ఒకప్పుడు బానిసే.

"పడినవాణ్ణి ఎవరు లేపారు?" అడిగాడు ట్రేబియస్.

"విషమంటే ఎవరు ముట్టుకుంటారండీ? పూజారి వచ్చేదాకా అలాగే ఉన్నాడు. జోడు సన్నాయి పక్కనే ఉంది. మూతిపట్టీ మెడలో వేలాడుతోంది."

"సన్నాయికి దెబ్బ తగిలిందా?"

"గీత కూడా పడలేదు."

"ఆటలు అయిపోయాక పార్డో ఏం చేస్తాడు?"

వెట్టియస్ చూపు గోడ మీదికి మళ్ళింది. "గనుల గుత్తేదారుకు అమ్మేశాను. ఆటలు ముగిశాకే అప్పగింత. వాడి నోటిదురుసు భరించలేకపోయాను."

ఆ రాత్రే వెళ్ళారు. రంగస్థలం వెనక పాకలో పార్డోను స్తంభానికి కట్టేసి ఉంచారు.

"ఆ సారా నువ్వూ తాగావా?" అడిగాడు ట్రేబియస్.

"సగం నేనే తాగాను దొరా. విషమైతే నేనూ పోవాలిగా?" పార్డో నవ్వబోయాడు. "నాటకంలో రోజూ నా వీపు చీరేస్తామంటారు. జనం విరగబడి నవ్వుతారు. రేపు నిజంగా చీరేటప్పుడు చూసేవాళ్ళే ఉండరు."

హెర్మియో పక్క పాకలో పడుకున్నాడు. అతను బానిసగా పుట్టి, తర్వాత విడుదలైనవాడు.

"ఎలా ఉంది?" అన్నాడు ట్రేబియస్.

"కడుపులో మంట." తల ఎత్తి, "ఆ కుర్రాణ్ణి నిజంగా కొడతారా అయ్యా?" అన్నాడు.

"కొడతారు."

హెర్మియో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భుజాలు కదలడం హైలస్ చూశాడు.

బయటికి రాగానే ట్రేబియస్, "ఒరే హైలస్, రేపు మనం ఒక మనిషి గుట్టు విప్పాలి. అది విన్నాక నువ్వు చేపల బజారుకు వెళ్ళి కాస్త నోరు జారాలి" అన్నాడు.

తెల్లవారాక రంగస్థలం బల్లల మీద అందరినీ పోగుచేశాడు. న్యాయాధికారి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన కొరడా పట్టుకున్నవాడు, కట్లతో పార్డో, వెట్టియస్, ఇద్దరు మనుషుల ఆసరాతో హెర్మియో.

"సన్నాయి వాయించేవాడు మూతికి తోలుపట్టీ కట్టుకుంటాడు," మొదలుపెట్టాడు ట్రేబియస్. "సన్నాయి రెల్లు దాని కన్నాల్లోంచి నోట్లోకి వెళుతుంది. ముడి తల వెనక పడుతుంది. ఊదుతూ ఊదుతూ స్పృహ తప్పినవాడు సన్నాయి మీదే పడాలి, అది విరగాలి, పట్టీ బిగిసే ఉండాలి. ఇక్కడ ముడి ఎవరో విప్పారు, సన్నాయిని పదిలంగా పక్కన పెట్టారు. ముట్టుకున్నవాళ్ళు లేరు. మరి విప్పింది ఎవరు? హెర్మియో, నువ్వే. ఆ సారాలో విషం లేదు, సగం తాగినవాడు నిక్షేపంగా నిలబడ్డాడు. నిన్నా మొన్నా ఆటలు ముగియకుండా ఆపింది నువ్వే. ముగిస్తే పార్డో గనులకు పోతాడు. కానీ వాడి కోసం నువ్వెందుకు ఇంత చేశావన్నది నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

హెర్మియో ఆసరా వదిలించుకుని నిలబడ్డాడు.

"వాడు నా కొడుకండీ. వాడు పుట్టాక నాకు విడుదలొచ్చింది, వాడికి రాలేదు. నాన్నా అని పిలిపించుకునే హక్కు నాకెక్కడిది? తప్పు దేవుడి మీదికి పోతుందనుకున్నాను. వాడి మీద పడుతుందని కల్లోనైనా అనుకోలేదు."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నాటకాల్లో తప్పిపోయిన బిడ్డ దొరికితే కథ సుఖాంతం. ఇక్కడ బిడ్డ దొరికినా కట్లు ఊడలేదు. పార్డో ఆ ముసలాయన్ని చూస్తూ ఉండిపోయాడు.

"కొరడా తీసుకుపొండి," అన్నాడు న్యాయాధికారి. "హెర్మియో, ఇవాళ నువ్వే వాయించాలి. ఆ తర్వాత రోములో సన్నాయి ముట్టకూడదు. మధ్యలో మళ్ళీ ఆపావో, వాడి వీపు జవాబు చెబుతుంది."

హైలస్ చేపల బజారులో నోరు జారి వచ్చేసరికి, మధ్యాహ్నం నాటకం మొదలైంది. తన బిడ్డను పంపించేసే పాటను ఆ తండ్రి ఒక్క తప్పు లేకుండా వాయించాడు. చూడలేక హైలస్ కళ్ళు తుడుచుకున్నాడు. చివర వెట్టియస్ ముందుకొచ్చి, అలవాటైన ఆఖరి మాట అన్నాడు: "మా ఆట నచ్చితే చప్పట్లు కొట్టండి!"

ఒక్క చేయీ కదల్లేదు. చేపలమ్మేవాళ్ళు, మంగళ్ళు, సైనికులు, అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వెట్టియస్‌నే చూస్తున్నారు. వెనక వరుసలోంచి ఒక ఆడమనిషి అరిచింది. "ముందు వాణ్ణి వదులయ్యా!"

వెట్టియస్ ముఖం పాలిపోయింది. జీవితమంతా చప్పట్లు తిని బతికిన మనిషి ఆయన. న్యాయాధికారి వైపు చూశాడు. ఆయన తన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన ఎదుట జరిగితే బజారులోనైనా సరే, విడుదల విడుదలే.

వెట్టియస్ పార్డో చేయి పట్టుకుని, ఒకసారి చుట్టూ తిప్పి, వదిలేశాడు. న్యాయాధికారి కర్ర మెల్లగా పార్డో తలకు తగిలింది. ఇక వాడు బానిస కాడు.

చప్పట్లతో బల్లలు అదిరాయి. హెర్మియో మాత్రం ఆపలేదు. ఆపితే కొడుక్కి దెబ్బలు పడతాయన్న భయం ఇంకా వదల్లేదు. కళ్ళు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు.

పార్డో అతని వెనక్కి వెళ్ళాడు.

"చాలు నాన్నా," అని తల వెనక ముడి విప్పాడు.