సత్తవ్వ ఆపరేషన్

పందొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలం. ఆ పొద్దున పోశవ్వ పట్టుచీర కట్టుకుంటుంటే, కోడలు సత్తవ్వ గోడకు ఆనుకుని ఆయాసపడుతూ చూసింది.

"ఎక్కడికత్తమ్మా?"

"పెద్దపల్లికి. నా కొడుకుకు పిల్లను చూడబోతున్న." పోశవ్వ దాచలేదు. దాచడానికి కోడలిని మనిషిగా లెక్కగడితే కదా. "బిందెడు నీళ్లు మొయ్యలేనిదానివి. నువ్వు ఉండీ లేనట్టే."

సత్తవ్వ కుడి ఊపిరితిత్తిలో గడ్డలున్నాయనీ, అది క్షయ కాదనీ, పట్నంలో కోసి తీస్తే బతుకుతుందనీ కరీంనగర్ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సుల్తానాబాదులో బట్టల దుకాణం నడిపే ఆమె మొగుడు దశరథం మాత్రం ఇవాళ రేపని నానుస్తున్నాడు. చివరికి సత్తవ్వ అన్న వెంకటి వచ్చి, పట్టుబట్టి చెల్లెలిని పట్నం దవాఖానలో చేర్పించాడు. నలుగురూ ఏమైనా అనుకుంటారని తల్లీకొడుకులూ వెంట వెళ్లారు.

ఆపరేషన్ రోజు డాక్టరు కాగితం తెచ్చి భర్త సంతకం అడిగాడు. "ఛాతీ తెరవాలి. ప్రమాదం లేదని చెప్పలేను. తియ్యకపోతే మాత్రం గడ్డ పగిలి ప్రాణం మీదికొస్తుంది."

దశరథం కలం పట్టుకుని తల్లి వైపు చూశాడు. "అవ్వా, జర నువ్వే చెప్పు. రేపు ఏమన్నయితే నేనే సంపిన అంటరు."

"ఆయననెందుకు పరేషాన్ చేస్తుండ్రు సారూ," మంచం మీంచి సత్తవ్వ అంది. "ఇటియ్యుండ్రి. కోసేది నన్ను. నేనే ఏలుముద్ర పెడ్త."

గొంతులో వణుకు లేదు. మొగుడి వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది. ఆ చూపులో కోపం కూడా లేదు, ఉత్త చులకన. ఇన్నేళ్లూ తాను కోడలిని చూసింది అలాగేనని పోశవ్వకు తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

"పెట్టురా సంతకం," అంది కొడుకుతో. "నీసొంటోనికి ఇంకో పిల్లను అంటగడుదామని తిరిగిన, నాకు సిగ్గులేకపాయె."

దశరథం పెట్టాడు.

గడ్డలు తీసిన మర్నాడు నర్సు వచ్చి, ఊపిరితిత్తి విచ్చుకోవాలంటే గట్టిగా దగ్గాలంది, ఎవరినైనా కుట్లను అదిమిపట్టుకోమంది. దశరథం వసారాలోకి జారుకున్నాడు. పోశవ్వ మంచం మీద కూర్చుని కట్టు మీద రెండు చేతులూ ఆనించింది.

"నీ చేతులు నాకొద్దత్తమ్మా."

"వద్దనకేమంటవు. నేను చేసినయి మరువకు." పోశవ్వ చేతులు తియ్యలేదు. "గని గిప్పుడు దగ్గు బిడ్డా. గట్టిగ పట్టుకున్న."

సత్తవ్వ అత్త భుజానికి నుదురు ఆనించి, దగ్గింది.