ముప్పై తొమ్మిది చుక్కలు

"మా అమ్మమ్మ ఆ బిగుతు బట్టలు వేసుకున్నాక మీరు ఈ గదిలోకి తొంగి చూశారంటే అస్సలు ఊరుకోను!"

మొదటి పరిచయంలోనే ఆ అమ్మాయి నాకిచ్చిన వార్నింగ్ ఇది. అమ్మమ్మగారు పేరున్న నాట్యగురువు. ఆవిడ నాట్యాన్ని త్రీడీలో రికార్డు చేసి మ్యూజియానికి ఇవ్వడం నా పని. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి ఆవిడ ఎదురుగా ఆడుతున్నట్టే ఉండాలి. మోకాలి ఆపరేషన్‌కి ముందే అంతా అయిపోవాలి. ఆ తర్వాత ఆడగలరో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు.

బుద్ధిగా పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ బట్టలకి అతికించిన ముప్పై తొమ్మిది చుక్కల కదలిక తప్ప నాకేమీ కనిపించదు.

"చుక్కల మాస్టారూ, టీ చల్లారిపోతోంది!" అంటూ ఆ అమ్మాయి రోజూ ఆటపట్టించేది. ఐదు రోజులకే ఆ పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం అలవాటైంది.

ఆరో రోజు హెడ్‌సెట్ పెట్టుకుని ముందురోజు రికార్డింగ్ చూస్తున్నాను. నాట్యం ముగిసింది. చుక్కల బొమ్మ చెవి వెనక్కి జుట్టు తోసుకున్నట్టు చెయ్యి కదిపి, ఎడమ మడమ మీద గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

ఆవిడ అమ్మమ్మగారు కాదు!

హెడ్‌సెట్ పీకేసి నాట్యం గదికి పరుగెత్తాను. "నిన్న ఆడింది మీరా?"

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "అమ్మమ్మ రెండడుగులకే కూలబడిపోయింది. ఆపేస్తే ఆ నాట్యం ఇక ఎవరికీ మిగలదనిపించింది. మ్యూజియం వాళ్ళకి చెప్పేస్తారా?"

"చెప్పాలండీ. మీ అడుగులు ఆవిడ పేరు మీద పెడితే అబద్ధమవుతుంది. రెండు పేర్లూ రాద్దాం."

"రాయి నాయనా." కుర్చీలోంచి అమ్మమ్మగారు అన్నారు. "నిన్న నువ్వెళ్ళాక ఇది ఆ రికార్డింగ్ నాకూ చూపించింది. ఆడింది ఇదేనని తెలిసి కూడా నన్ను నేను చూసుకున్నట్టే అనిపించింది. నేర్పిన నాకే తేడా దొరకలేదు. ముఖమైనా లేని చుక్కల్లో నువ్వెలా పోల్చావు?"

జవాబు అప్పుడే నాకూ తెలిసింది.

"టీ ఇచ్చి, అలాగే జుట్టు తోసుకుని గిర్రున తిరిగి వెళ్తుంటే... రోజూ చూస్తూనే ఉంటానండీ. నాకు ఈవిడంటే ఇష్టం."

ఆ అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుంది.

"మ్యూజియం సంగతి తేలిపోయింది," అన్నారు అమ్మమ్మగారు తాపీగా. "ఇక మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావో చెప్పు."