మైదానం కింద ఫోను

ఆ స్టేడియానికి ఒక్క రూపంలో కుదురుగా ఉండడం చేతకాదు. నిన్న ఫుట్‌బాల్ మ్యాచ్, రేపు పాటల కచేరీ, పై వారం ట్రాక్టర్ల ప్రదర్శన. వానొస్తే పైకప్పు మూసుకుంటుంది. కచేరీ ఉందంటే పచ్చిక మైదానం మొత్తం బయటికి వెళ్లిపోతుంది. అదంతా ఒక పెద్ద ఇనుప పళ్లెంలో పెంచిన గడ్డి మరి. పళ్లెం కింద చక్రాలు, చక్రాల కింద పట్టాలు. బయట పెరట్లో ఎండ కాచుకుని, మళ్లీ మ్యాచ్ నాటికి లోపలికొస్తుంది.

ఆ పళ్లేన్ని కదిపేది అక్క. మేనేజరుతో సహా అందరికీ ఆమె అక్కే, ఒక్క సొంత తమ్ముడికి తప్ప. వాడు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆమెను 'బుంగమూతీ' అనే పిలుస్తాడు. వాడు పళ్లెం కింద దూరి చక్రాలకు గ్రీజు పెడతాడు. పని ఇప్పించింది ఆమే. "కిందికి దూరే పనేమిటే? వాడికేమైనా అయితే నీదే పూచీ," అంది అమ్మ. ఆమె సరేనంది.

అందుకే ఆ నియమమంటే ఆమెకు ప్రాణం. కిందికి దిగేవాళ్లెవరైనా సరే, మీటల పెట్టెకు తమ తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని దిగాలి. పైకొచ్చాక తమ తాళం తామే తీసుకోవాలి. ఒకరి తాళం ఇంకొకరు ముట్టుకోకూడదు. తాళం ఒక్కటి ఉన్నా మోటారు కదలదు. పైకొచ్చిన మనిషి మెడలో తాళంచెవిని అక్క కళ్లారా చూశాకే మీట నొక్కాలి.

ఆ మధ్యాహ్నం వాన. పైకప్పు మూసేశారు. వేల ఖాళీ కుర్చీలు మసక వెలుగులో వరసగా కూర్చున్నట్టున్నాయి. తడి మట్టి వాసన, గ్రీజు వాసన కలిసి మీటల గదిలోకి వస్తున్నాయి. తమ్ముడు తాళం వేసి దిగి చాలాసేపైంది. అక్క మోటారు మీటర్లలో ముళ్లు చూసుకుంటూ ఉంది.

వెనక తాళం తీసిన చప్పుడైంది.

"అయిపోయిందక్కా. కదుపు."

ఆమె తల తిప్పలేదు. ముక్కు తుడిచి పెంచిన పిల్లాడి మెడలో తాళంచెవి ఉందో లేదో చూడడమేమిటి? మీట నొక్కేసింది. మైదానం చిన్నగా మూలిగి, కదిలింది.

ఫోను మోగింది. పళ్లెం కిందనుంచి ఎవరైనా చేస్తే తప్ప అది మోగదు. ఎత్తింది.

"బుంగమూతీ... ఆపు." గొంతు గుసగుసలా ఉంది. "నేనింకా కిందే ఉన్నా."

చేయి దానంతటదే మీట ఆపింది. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర తమ్ముడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"ఎవరక్కా ఫోన్లో?"

వాడు తనని ఎప్పుడు అక్కా అన్నాడు?

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. "తాళంచెవి నా మెడలోనే ఉందే... మరి తాళం ఎవరు తీశారు?"

"నీ తాళంచెవి చూపించు," అంది ఆమె, తలుపు వైపు చూస్తూ.

"ఉందక్కా." వాడు కాలర్ తడుముకున్నాడు. "ఇక్కడే ఉంది..." తడుముతూనే ఉన్నాడు. మెడలో తాడు లేదు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

వాకీటాకీ గరగరలాడింది. మేనేజరు. "ఎందుకాగింది? కచేరీ వాళ్ల లారీలు గేటు దగ్గర చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతున్నాయి."

"కింద మనిషి ఉన్నాడు సార్."

మళ్లీ చూసేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు. ఫోనులో కూడా ఎవరూ లేరు.

"నేను దిగి చూస్తా. నేనొచ్చేదాకా మీట ముట్టుకోకండి."

"సరే, నేనే వచ్చి అక్కడ కూర్చుంటాను."

తన తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది. తాళంచెవి మెడలో వేసుకుని, మేనేజరు రాగానే మెట్లు దిగింది.

కింద నడుం వంచితే తప్ప నడవలేరు. పైన గడ్డిలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. టార్చి వెలుగులో చక్రం తర్వాత చక్రం.

"ఒరేయ్... చిన్నోడా..."

పలకలేదు. ఫోను స్తంభం దగ్గర రిసీవరు వేలాడుతూ కొద్దిగా ఊగుతోంది. కింద బురదలో వాడి తాడు, తాడుకు తాళంచెవి. తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. దుఃఖం తన్నుకొచ్చింది. ఆ ఒక్క క్షణం తల తిప్పి చూసి ఉంటే చాలు కదా. అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

అప్పుడు పక్కన చక్రం కదిలింది.

మొదట కళ్లు మోసం చేశాయనుకుంది. తర్వాత మోటారు మూలుగు వినిపించింది. రిసీవరు లాక్కుంది. అవతల మేనేజరు ఎత్తాడు.

"సార్, ఆపండి. నేనింకా కిందే ఉన్నా."

"ఎవరు మాట్లాడేది?"

"నేను సార్... అక్కని. నా తాళం..."

"అక్క ఇప్పుడే పైకొచ్చింది. నా ముందే తాళం తీసింది. కింద ఎవరూ లేరంది." అతని గొంతు సన్నబడింది. "నా పక్కనే నిలబడి ఉంది."

ఆమె మెడ తడుముకుంది. తన తాళంచెవి తన మెడలోనే ఉంది.

"దాని మెడలో తాళంచెవి చూశారా సార్?"

మేనేజరు వెనకనుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా అడిగింది. అది ఆమె గొంతే.

"ఎవరు సార్ ఫోన్లో?"

మోటారు ఆగలేదు. టార్చి ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. చక్రాల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు... చీకట్లోంచి గ్రీజు అంటిన చెయ్యి ఒకటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"బుంగమూతీ, ఇటు జరుగు," అంది తమ్ముడి గొంతు, చెవి పక్కనే. "భయపడకు. ఇక్కడ చాలామందిమి ఉన్నాం."