గవిలో ఊపిరాడని బండి

కోటబావిలో పూడిక తీస్తున్న సుంకన్న గడ్డపారకు రాగిరేకు తగిలింది. దాని మీద ఉన్నవి కొన్ని మాటలే: కొంగమడుగు పైగవి, ఒరిగిన బండ వెనుక, రెండు కడవలు. ఆ గుహలోని బండను మనుషులు కదపలేరు. ఆ కొండకు ఎద్దులు ఎక్కవు. ఎక్కగల బండి ఆ చుట్టుపక్కల ఒక్కటే, మోటారు బళ్లు బాగుచేసే బావ ఓబులయ్యది. అక్క ఈశ్వరమ్మ పోయినప్పటి నుంచి నాలుగేళ్లుగా సుంకన్న ఆ గడప తొక్కలేదు. ఆ రోజు తొక్కాడు.

"నీ బండి కొండెక్కుతాదా, మేస్త్రీ?"

బావా అనలేదు. ఓబులయ్యకు కడవల మీద ఆశ లేదు. ఆ నోట మళ్లీ బావా అనిపించుకోవాలని ఉంది. అడిగి అనిపించుకునే మనిషి కాదు.

"ఎక్కకపోతే నేనే మోసుకొని పోతాలే. పెట్రోలు నువ్వు పోయించు."

పది రోజులు ఓబులయ్య ఆ మూడు చక్రాల తొట్టిబండితోనే బతికాడు. గుబ్బల టైర్లు వేశాడు. పెట్రోలులో గాలి కలిపే పాత కార్బొరేటరు పీకేసి మోటారుసైకిలుదొకటి, పెద్దది, బిగించాడు. పెట్రోలు చిమ్మే జెట్లు నాలుగు మార్చి చూశాడు. గాలి స్క్రూను పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. ఇంజను పులిలా గుర్రుమంది.

నల్లమలలో దారి అన్నది లేదు. వాగుల్లో మునిగి, వెదురు పొదలు చీల్చుకుని, బండి ఎగిరెగిరి పడుతూ ఎక్కింది. ఎత్తుకు పోయేకొద్దీ ఇంజను దగ్గి నల్లపొగ కక్కింది. ఓబులయ్య దిగి, ఇంకాస్త గాలి అందేలా గాలి స్క్రూను పావు చుట్టు విప్పేవాడు. దగ్గు పోయేది. మూడుసార్లు అదే జబ్బు, అదే మందు.

"దీని నాడి నాకు తెలుసురా," అన్నాడు.

"అన్నిటి నాడీ నీకు తెలిసినట్టే చెప్తావు," అన్నాడు సుంకన్న.

మధ్యాహ్నానికి గవి దొరికింది. సరిగ్గా బండి పట్టేంత సొరంగం, గవి నోటి వైపుకు వాలు. వెనక్కి నడుపుతూ పోతే సీసాకు బిరడా పెట్టినట్టు లోపల ఇమిడిపోయింది. ఒరిగిన బండకు మోకు చుట్టి బండికి కట్టారు. ఓబులయ్య మొదటి గేరు వేశాడు. బండ కిర్రుమంటూ నిలబడింది.

"పట్టుకో! వదలొద్దు!" అని అరిచి సుంకన్న దాని వెనుక దూరాడు. "ఉండాయి! రెండు ఉండాయి! ఒకటి పట్టు చిక్కింది!"

అప్పుడే ఇంజను దగ్గింది. నల్లపొగ.

"కార్బొరేటరే," అనుకున్నాడు ఓబులయ్య. ఇంజను తిరుగుతుండగానే బ్రేకు బిగించి, సీటు కింద చేయి పెట్టి స్క్రూ పావు చుట్టు విప్పాడు. దగ్గు పోలేదు. ఇంకో పావు.

"తల తిరుగుతాంది!" అన్నది బండ వెనుక గొంతు.

"ఓర్చుకో! పెట్రోలెక్కువ తాగుతాంది. సరిజేస్తా!"

ఇంకో పావు. ఇంజను ఆగింది. గేరూ బ్రేకూ బండను పట్టి ఉంచాయి. చీకటి. వెనుక నేల మీద పెట్టిన లాంతరు కూడా ఆరిపోయి ఉంది. ఓబులయ్య తొట్టి మీదుగా వెనక్కి దిగి దాన్ని ఊపి చూశాడు. కిరసనాయిలు నిండుగా ఉంది.

చమురుండీ దీపం ఆరింది. పెట్రోలుండీ ఇంజను ఆరింది. లోపల గాలే లేదు. ఉన్న గాలిని ఈ బండి తాగి, పొగ కక్కి, గాలి వచ్చే దారినీ అదే మూసింది. తానేమో ఇంతసేపూ స్క్రూ తిప్పుతూ కూర్చున్నాడు.

"సుంకన్నా! రేయ్!"

పలుకు లేదు. ఊపిరి బిగబట్టి బండ కింద చేయి పెట్టి తడిమాడు. కాళ్లు దొరికాయి. లాగాడు. తొట్టిలో పడేశాడు. బండి కదిలితేనే బయటపడేది. మోకు తెగితేనే బండి కదిలేది. తెగితే బండ పడుతుంది. ఆలోచించలేదు. తొట్టిలోని కొడవలితో మోకు మీద రెండు వేట్లు వేసి, బ్రేకు వదిలి, గేరు తీసి, భుజంతో నెట్టాడు. బండి వాలులో దొర్లింది. వెనుక బండ కూలి నేల విరిగింది. రాళ్లతో పాటు రాగి కడవలు గణగణమంటూ ఎక్కడికో లోతుకు జారిపోయాయి, చివరికి నీళ్ల చప్పుడైంది.

వెలుగులో సుంకన్న కక్కుకున్నాడు. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. కడవల సంగతి అడగలేదు.

"తల తిరుగుతాందని మొత్తుకుంటి గదా. ఇనపడలే?"

"ఇన్యా."

"మా అక్క గూడా ఆయాసమని మొత్తుకునిందంట గదా. ఆ పొద్దు?"

ఈ నాలుగేళ్లలో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. అడిగిన వాళ్లకు పొయ్యి పొగ అన్నాడు, విధి అన్నాడు.

"ఇన్యా," అన్నాడు ఓబులయ్య. "కార్బొరేటరు ఇప్పి ముందరేసుకోనుంటి. బిగించినాక ఆసుపత్రికి పోదామంటి. బిగించేసరికి..."



సుంకన్న లేచాడు. తూలి, చెట్టు పట్టుకున్నాడు.

"బండెక్కరా. పడతావు."

"నడుస్తా."

ఓబులయ్య తాళం తిప్పాడు. బయటి గాలి తగిలిన ఇంజను ఒక్క దెబ్బకు అందుకుని, ఎక్కడా తడబడకుండా తిరిగింది. ఆపేశాడు. బండిని అక్కడే వదిలి, ఎంత దూరంలో ఉంటే సుంకన్న పడితే పట్టుకోగలడో అంత వెనుక ఉండి, కొండ దిగసాగాడు.