చివరి పేజీ ముందు చదివే మనిషి

ఇంటి ముందుగదే ఆయన పాత పుస్తకాల కొట్టు. పొద్దున్నే బస్తాలో వచ్చిన నవలలను ఆయన ఒక్కొక్కటిగా తీసి, చివరి పేజీ మాత్రం చదివి, ధర వేస్తున్నాడు. కథానాయిక చనిపోతే ఒక ధర, కాపురం నిలబడితే ఇంకో ధర. ఏడిపించే సరుకు నిలవ ఉండదని ఆయన అనుభవం. మధ్యలో ఎవరెంత గింజుకున్నా ఆ పేజీ మారేది కాదు కనుక, మొత్తం చదవడం దండగ అంటాడు.

చెప్పులు వేసుకుని, చేతిలో సంచితో భార్య లోపలి నుంచి వచ్చింది.

"చొక్కా మార్చుకోండి. పదింటికల్లా అక్కడుండాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ వస్తేనే చేర్చుకుంటారట."

తాగుడు మాన్పించే ఆసుపత్రిలో కొడుక్కి మంచం దొరికింది. ఆమె ఎన్నాళ్ళనుంచో బతిమాలగా వాడు నిన్ననే సరేనన్నాడు. ఇవాళ వెళ్ళకపోతే ఆ మంచం ఇంకొకరిది.

"నేనెందుకు? తిరిగొచ్చాక వాడేం చేస్తాడో నాకు తెలుసు," అన్నాడాయన తలెత్తకుండా.

"ఏం చేస్తాడు?"

"మా నాన్న చేసిందే. ఆయన్నీ చేర్పించాం. చివరికి ఏ కాలవ గట్టున దొరికాడో నువ్వూ చూశావు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? గదినిండా గొప్పగొప్ప నవలలున్నాయి. తాగుడు మరిగిన కొడుకు చివర్లో బాగుపడింది ఒక్కటి చూపించు, కొట్టు నీ పేర రాసిస్తా."

"మీ కొట్టెవరిక్కావాలి, చెదలే విసిగిపోయి వెళ్ళిపోయాయి." ఆమె సంచి బల్ల మీద పెట్టింది. "ఆ నవలల్లో వాళ్ళకి తమ చివరి పేజీ తెలీదండీ. అందుకే ఆఖరిదాకా కొట్టుకుంటారు. మనవాడు మొదటిసారి వాసనతో ఇంటికొచ్చిన రోజే మీరు చదివి వినిపించేశారు. మీ తాత పోలికే, అలాగే పోతావ్ అని. ఇక వాడు దేనికోసం కొట్టుకోవాలి?"

ఆయన చేతిలోని నవలను ధర వేయకుండానే పక్కన పెట్టాడు. లేచి, చొక్కా మార్చుకుని, కొడుకు గదిలోకి వెళ్ళాడు. వాడు బయల్దేరడానికి తొడుక్కున్న బూట్లతోనే మళ్ళీ మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"లేరా. నేనూ వస్తున్నా."

"వద్దులే నాన్నా. అంతా వినపడింది."

"ఏదో కోపంలో అన్నాను."

"కోపం ఎక్కడుంది? ధర చెప్పినట్టే చెప్పావుగా." వాడి గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "నేనెలా పోతానో నాకెప్పుడో తెలుసు. అమ్మ ఏడుస్తుందని సరేనన్నా. ఆ మంచం ఇంకెవరికైనా పనికొస్తుంది."

"అది తప్పురా. నాకేం తెలీదు. నిజంగా తెలీదు."

"ఇప్పుడు ఊరికే అంటున్నావు."

ఆయన నేల మీద కూలబడి, మంచం అంచున ఉన్న వాడి కాలు పట్టుకున్నాడు. వీధిలో బాడుగ కారు రెండుసార్లు హారన్ కొట్టింది. కొడుకు కదల్లేదు. కాసేపటికి కారు వెళ్ళిపోయిన చప్పుడూ, గుమ్మం దగ్గర భార్య వెక్కిళ్ళూ వినిపించాయి.

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన ఏం చెప్పినా జనం బేరమాడారు. బేరమాడకుండా ఆయన మాట కొన్నది కొడుకొక్కడే. ఇప్పుడు ఏడ్చి అడుగుతున్నా వాడు దాన్ని వెనక్కి ఇవ్వడం లేదు.