మైనం పెట్టిన పిల్లంగోవి

"ఒరే వాసూ, ఆ పెన్ను మూత ఊదడం ఆపి నా ప్రశ్నకు జవాబు చెప్పు. చంద్రా, నువ్వూ చెప్పు. ఊదే బొక్కలో మైనం దట్టించి మూసేసిన పిల్లంగోవి మోగుతుందా, మోగదా?"

"మోగదవ్వా. గాలి లోపలికే పోదు గదా," అన్నాడు వాసు.

"సరిగ్గా చెప్పినావు. గాలి లోపలికి పోవాలి, లోపల ఆడాలి, బయటికి రావాలి. అప్పుడే నాదం. బడిలో నేనూ పిల్లకాయలకు అట్లే చెప్పినాను. ఇప్పుడు ఈ కథ వినండి. మధ్యలో భయమేస్తే చెయ్యి ఎత్తండి, ఆపుతాను."

ఇద్దరూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

డెబ్బై ఎనిమిదో తొమ్మిదో, ఆ రోజుల మాట. తిరుత్తణిలో నేను లెక్కలు చెప్పే బడికి ఒక బ్యాండు ఉండేది. దాని మాస్టరు రాజమాణిక్యం. పట్టాళంలో బ్యాండు వాయించి వచ్చిన మనిషి. గంజి పెట్టిన ఖాకీ, కొనలు తిప్పిన మీసం, చంకలో ఎప్పుడూ ఒక డోలు పుల్ల. ఆయన చెవి ఎట్లాంటిదంటే, పక్క వీధిలో ఎవరైనా తాళం తప్పి చప్పట్లు కొట్టినా ముఖం చిట్లించేవాడు. ఏటా ఆగస్టు పదిహేనుకు తిరువళ్ళూరు మైదానంలో బడుల బ్యాండులన్నీ పోటీ పడేవి. కప్పు ప్రతిసారీ ఈయనకే. ఆ కప్పును వాద్యాల గదిలో అద్దాల బీరువాలో పెట్టి, రోజూ తన చేతిగుడ్డతోనే తుడుచుకునేవాడు.

ఆ కప్పు ఎట్లా వచ్చేదో చెప్తాను. కవాతులో వరసకు నలుగురు నడవాలి. ఒకరు తక్కువైతే వరస పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది. అందుకని వాయించడం రాని పిల్లలకు కూడా యూనిఫాం తొడిగి నిలబెట్టేవాడు. కాకపోతే వాళ్ళ పిల్లంగోవుల్లో ఊదే బొక్కలోకి తేనెమైనం దట్టించేవాడు. వేళ్ళు ఆడించాలి, బుగ్గలు ఉబ్బించాలి, శబ్దం రాకూడదు. అట్లాంటి పిల్లలకు ఆయన పెట్టిన పేరు 'ఊమ', అరవంలో మూగ అని. బడంతా అదే పేరుతో పిలిచేది.

ఆ ఏడు ఊమ ఒకతే. అమృతవల్లి. పొదటూరుపేట పిల్ల, హాస్టల్లో ఉండేది. తండ్రి లేడు. తల్లి మునియమ్మ మగ్గాల వాళ్ళ దగ్గర నూలు చుట్టేది. పిల్లకు పసితనంలోనే చీము కారి ఒక చెవి పోయింది. దానికి తోడు ఆయాసం. వాన పడితే చాలు, రొమ్ములో పిల్లికూతలు. తల్లి కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి సీసాలో పోసి ఇచ్చేది, రొమ్ముకు రాసుకోమని. ఆ పిల్ల వరండాలో వస్తుంటే కర్పూరం వాసన ముందు వచ్చేది.

ఒంటి చెవితో వినేసరికి తాళం అరక్షణం వెనకబడేది. అది చూసి మాస్టరు మైనం పెట్టేశాడు. కానీ పిల్ల ఊరుకోలేదు. పెద్ద డోలు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. చెప్పులు విప్పేసి, డోలు దెబ్బకు నేల అదిరేది కాళ్ళతో పట్టుకునేది. కొన్నాళ్ళకు పాటంతా వచ్చేసింది. ఆడికృత్తిక తిరునాళ్ళ రోజుల్లో, బయట కావళ్ళు మోసే భక్తులు కొండ మీద గుడికి పోతూ ఉంటే, సాధన మధ్యలో మాస్టరు ముందుకొచ్చి నిలబడింది.

"సార్, నా దాంట్లో మైనం తీసేయండి సార్. పాట మొత్తం వచ్చేసింది."

"యాడ నేర్చుకుంటివే? ఆ చెడిపోయిన చెవితోనా?"

"కాళ్ళతో సార్."

బ్యాండంతా పకపకా నవ్వింది. "అయితే కాళ్ళతోనే ఊదవే ఊమా!" అన్నాడొక డోలు పిల్లోడు. మాస్టరు కూడా మీసం కింద నవ్వినాడు.

పిల్ల ఏడవలేదు. "తిరువళ్ళూరుకు మా అమ్మ వస్తాది సార్. నా పాట వింటానంటాది. ఆ ఒక్కసారికి సార్..."

ఆయనకు ఆ మొండితనం నచ్చలేదు. చెయ్యి పట్టుకుని వాద్యాల గదిలోకి తీసుకుపోయినాడు. "మైనం తీసేది నేను కాదు. నీ ఊపిరిలో సత్తా ఉంటే అదే తోసేస్తాది. బయటికొచ్చేదాకా ఊదు. వస్తే వరసలో నీకు చోటు." అని, బయట గడియ పెట్టేశాడు.

వేళాకోళానికే పెట్టినాడు. కాసేపయ్యాక తీద్దామనుకున్నాడు. ఇంతలో ఒక చిన్న డోలు చర్మం చిట్లిందని ఎవరో వచ్చి చెప్పినారు. కొత్త చర్మం కోసం తిరువళ్ళూరు రైలెక్కేసినాడు. వాచ్‌మన్ చౌడయ్య కృత్తిక జనాన్ని గేటు దగ్గర ఆపే పనిలో ఉన్నాడు. పోయే ముందు మాస్టరే గడియ తీసుంటాడని పిల్లలు అనుకున్నారు. గదిలో మేకతోళ్ళ దుమ్ము, కిటికీ లేదు. పిల్ల సార్ మాట నిజమని నమ్మి, ఊదుతూనే ఉండింది.

పొద్దుగూకే వేళ చౌడయ్య తలుపు తీస్తే, పెద్ద డోలుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. పిల్లంగోవి పెదాల దగ్గరే ఉంది.

"ఆయాసం పిల్ల. వచ్చింది, పోయింది," అన్నారు అందరూ. మాస్టరూ అదే అన్నాడు.

మునియమ్మ వచ్చింది. గొడవ చెయ్యలేదు. మాస్టరు ముందు కొంగు పట్టి అడిగింది. "ఆ పిల్లంగోవి ఇయ్యి సామీ. బిడ్డ చేతిలో పెట్టి పూడ్చుకుంటా."

"బడి సొమ్మమ్మా అది. స్టాకులో తగ్గితే నా తల మీదికొస్తాది."

ఆమె పట్టిన కొంగు వదిలేసింది. "సరే సామీ. నీ దగ్గరే పెట్టుకో. బిడ్డే వచ్చి తీసుకుంటాది."

ఆ ఏడూ కప్పు వచ్చింది.

మరుసటి ఏడు మళ్ళీ ఆడి మాసం. మళ్ళీ సాధన. ఆ పిల్లంగోవి మైనంతోనే బీరువాలో ఉంది. ఇంకో ఊమకు పనికొస్తుందని మాస్టరు తీయలేదు. ఒకరోజు పాట మధ్యలో చెయ్యి ఎత్తి బ్యాండును ఆపినాడు.

"ఎవరది? ఎవరో ఒకరు ఎక్కువ ఊదుతున్నారు."

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. వాళ్ళకేమీ వినబడలేదు. ఆయన చెవి సంగతి తెలుసు కదా. ఒక్కొక్కరినే ఊదించి చూసినాడు. అందరిదీ సరిగ్గానే ఉంది. మళ్ళీ కలిపి వాయిస్తే మాత్రం ఆ ఎక్కువ శబ్దం... అరక్షణం వెనకగా... వాద్యాల గది వైపు నుంచి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు. పిల్లలు వెళ్ళిపోయినాక వాన మొదలైంది. తేమకు డోలు చర్మాలన్నీ సడలిపోయినాయి. అట్లాంటప్పుడు నిప్పు సెగ చూపిస్తే చర్మం బిగుస్తుంది. చౌడయ్య కుంపటి రాజేసి గదిలో పెట్టినాడు.

"ఒక టీ పట్టుకొని రారా. అల్లం ఎక్కువ వెయ్యమను," అన్నాడు మాస్టరు.

"ఇట్లా పోయి అట్లా వస్తా సార్," అని చౌడయ్య గోనెసంచి తల మీద కప్పుకుని పోయినాడు.

రాజమాణిక్యం పెద్ద డోలును కుంపటి మీద మెల్లగా తిప్పుతున్నాడు. రేకుల కప్పు మీద వాన చప్పుడు. తడి ఉన్ని యూనిఫాంల ముక్కిపోయిన వాసన, కాగే మేకతోలు వాసన. ఆయనకు అలవాటైన వాసనలే. కాసేపటికి కరెంటు పోయింది. గదిలో కుంపటి ఎరుపు ఒకటే మిగిలింది.

ఆ ఎరుపులో డోలు చర్మం మీద ఏదో కనిపించింది. దుమ్ములో ఒక గుర్తు. తుడిచినాడు. పోలేదు. వంగి చూసినాడు. చిన్న అరచెయ్యి. అయిదు వేళ్ళూ విప్పి ఆనించినట్టు...

అది చర్మానికి ఇవతల లేదు. లోపలి నుంచి ఆనించి ఉంది.

డోలు చేతిలోంచి జారింది. నేల మీద పడి 'ధుమ్' అన్నది. ఆ మోత ఆగిపోయినాక ఇంకో శబ్దం మిగిలింది.

ఉఫ్... ఉఫ్...

మూసిన బొక్క మీద ఊపిరి కొట్టుకునే శబ్దం. మధ్య మధ్య రొమ్ములో పిల్లికూతలు. బీరువా పక్కన, చీకటి చిక్కగా ఉన్న చోట.

"ఎవర్రా అది?"

వాసన వచ్చింది. కర్పూరం... కొబ్బరినూనెలో కరిగిన కర్పూరం. వెచ్చగా, ముక్కు కిందే ఎవరో రాసుకుంటున్నట్టు.

తలుపు దగ్గరికి పరిగెత్తినాడు. లాగినాడు. రాలేదు. బయట గడియ పడింది. తను పెట్టినట్టే పడింది.

"చౌడయ్యా! ఒరే చౌడయ్యా!"

వానలో ఆ కేక ఆయనకే వినబడలేదు. వెనకాల, నడుం ఎత్తు నుంచి, మెల్లగా...

"సార్... రాలా సార్."

ఆయన కదల్లేదు.

"పొద్దున్నుంచి ఊదుతున్నా సార్. మైనం రాలా. ఇంకా ఊదాలా సార్?"

"వద్దు... వద్దమ్మా... చాలు..." ఆయన నోటి నుంచి ఆ పిల్లను 'అమ్మా' అన్న మాట రావడం అదే మొదలు.

"మీరు ఊదండి సార్."

చేతిలో చల్లగా ఏదో పడింది. విసిరేద్దామనుకున్నాడు. వేళ్ళు రాలేదు. చెయ్యి దానంతట అదే పైకి లేచింది. పెదాలు దానికి అతుక్కున్నాయి. ఊదినాడు. ఇంకోసారి ఊదినాడు. ఆపాలని చూసినాడు... ఊపిరి ఆగలేదు. బుగ్గలు ఉబ్బినాయి, కళ్ళు ఉబ్బినాయి. రొమ్ము కాలిపోతోంది. లోపలికి పీల్చే సందు లేదు. ఊదడమే... ఊదడమే...

"అట్లే సార్. బయటికొచ్చేదాకా."

అప్పుడు మైనం కదిలింది.

బయటికి కాదు. లోపలికి. మెత్తగా, వెచ్చగా, నాలుక మీదుగా జారి, గొంతులో కూర్చుంది.

చౌడయ్య టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నేల మీద పడి ఉన్న మాస్టరును చూసినాడు. మాస్టరు వేలితో తలుపు గడియ చూపిస్తే, "అది తీసే ఉంది గదా సార్!" అన్నాడు. పక్కన పిల్లంగోవి పడి ఉంది. ఎత్తి చూస్తే కొత్తదానిలా శుభ్రంగా ఉంది. బొక్కలోంచి అవతలి వెలుతురు కనబడుతోంది. మైనం ముక్క ఎంత వెదికినా దొరకలేదు.

ప్రాణం పోలేదు. గొంతు పోయింది. గుసగుసగా తప్ప మాట రాదు. ఈ కథలో నేను మీకు చెప్పిన సగం ఆ గుసగుసలోనే విన్నాను. దీపం ఆర్పేంత గాలి కూడా నోటి నుంచి వచ్చేది కాదు. డాక్టర్లు ఫోటోలు తీసినారు, గొంతులోకి లైటు వేసి చూసినారు. ఏమీ లేదన్నారు. కానీ ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా రొమ్ములోంచి సన్నగా ఒక కూత. మొదట్లో పిల్లికూత అనుకున్నాము. నెలలు గడిచేకొద్దీ అందులో స్వరం పడింది. కవాతు పాట. మొదటి చరణం. ప్రతిసారీ ఒకే చోట తెగిపోయేది. ఆయనకు నిద్ర లేదు. తాళం తప్పిన పాటను ఒక్క క్షణం భరించలేని చెవి, రాత్రింబగళ్ళు దాన్నే వినాల్సి వచ్చింది.

"అరక్షణం వెనక... అరక్షణం వెనక..." అని గుసగుసలాడేవాడు, వేళ్ళతో మంచం పట్టె మీద తాళం వేస్తూ.

తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో చేర్చినారు. ఒకటిగా పనిచేసినవాళ్ళం కదా, నేను బత్తాయిలు పట్టుకుని చూడటానికి పోయినాను. వార్డు తలుపు దగ్గర ఒక ఆయా నేల తుడుస్తోంది. తల ఎత్తితే మునియమ్మ. నూలు పని మానేసి ఆ ఆసుపత్రిలో చేరిందట. ఎప్పుడు చేరిందని నేను అడగలేదు. ఎందుకని అసలే అడగలేదు.

మధ్యాహ్నం, మంచి ఎండ. నా కళ్ళ ముందే ఆయన ఊపిరి ఆగింది. నర్సు మణికట్టు పట్టి చూసి, డాక్టరును పిలిచింది. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపినాడు. దుప్పటి ముఖం మీదికి లాగినారు.

పాట ఆగలేదు.

దుప్పటి కింద నుంచి, సన్నగా... మొదటి చరణం. ఎప్పుడూ తెగిపోయే చోటు దాటింది. రెండో చరణం. నర్సు రెండడుగులు వెనక్కి వేసింది. దుప్పటి లేవడం లేదు, దిగడం లేదు. లోపల ఊపిరే లేదు. ఊపిరి లేకుండా పాట ఎట్లా వస్తుంది? లెక్కల టీచరును, నాకు తెలియదు. వార్డంతా నిలబడిపోయింది. తాళం ఎక్కడా తప్పలేదు. అరక్షణం కూడా.

మునియమ్మ బకెట్టు కింద పెట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, బడి పిల్లలా చేతులు కట్టుకుని, చివరిదాకా వినింది.

పాట ముగిసింది.

"బాగా ఊదినావమ్మా," అంది మునియమ్మ. "వచ్చేయ్, పోదాం."

వార్డులో కర్పూరం వాసన గుప్పుమంది. చప్పుడు లేదు. అప్పుడు... దుప్పటి కింద నుంచి కాదు, నా పక్కనుంచే... ఒక పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకున్న శబ్దం. పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునే ముందు పీల్చేది చూడండి, అట్లాంటి ఊపిరి.

చంద్ర చెయ్యి ఎప్పుడు ఎత్తిందో, ఎత్తే ఉంది. వాసు పెన్ను మూతను దూరంగా తోసేసినాడు.

"అవ్వా... అయితే మూసిన పిల్లంగోవి మోగుతుందా?" అన్నాడు.

అవ్వ వాకిలి వైపు చూసింది. "మబ్బు పట్టిందిరా. మిద్దె మీద వడియాలు సగం గుడ్డకే అతుక్కుని ఉన్నాయి, తడిస్తే పొద్దున్నుంచి పడిన పాటంతా పోతుంది," అని మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, మెట్ల వైపు పోయింది.