పేరంటంలో మరీసెల్

శ్రావణ శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి వీసా ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. చైత్ర భార్య మరీసెల్‌కు వీసా ఇవ్వాలంటే మరింత రుజువు కావాలని అందులో ఉంది. జవాబుకు నాలుగు వారాల గడువు.

ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊళ్లో, ఆ ఇంటి వంటగదిలో అప్పుడు లీల పూర్ణాలు చుడుతోంది. సాయంత్రం వరలక్ష్మీ వ్రతం పేరంటం. లీల ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా డాక్టరు. భర్త ద్వారకానాథ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. మరీసెల్ ఫిలిప్పీన్స్ నుంచి చదువుకోడానికి వచ్చి నర్సుగా చేరింది. వీళ్ల కూతురు చైత్రకూ ఆమెకూ రెండేళ్ల క్రితం బ్రిస్బేన్‌లో పెళ్లయింది. నలుగురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

చైత్ర ఫోను తల్లి ముందు పెట్టింది. అందులో తెలుగు సంఘం పేజీలోని ఉగాది ఫొటో ఉంది. కింద పేర్లున్నాయి: డాక్టర్ లీల, ఆమె కూతురు, కూతురి హౌస్‌మేట్. ఇద్దరికీ పెళ్లయితే మీవాళ్లు ఇలా ఎందుకు రాశారని వీసా ఆఫీసరు అడుగుతున్నారు.

"అది సంఘం వాళ్లు రాసుకున్నది," అంది లీల.

"వాళ్లకి చెప్పిందెవరు అమ్మా?"

లీల చేతులు కడుక్కుంది. "పెళ్లికొచ్చాం. ఇంట్లో పెట్టుకున్నాం. ఇంకేం చెయ్యమంటావే?"

"ఇంట్లో ఓకే. గుమ్మం దాటితే షీ ఈజ్ ఎ టెనెంట్! ప్రతి పేరంటానికీ తనెక్కడుంటుంది? సింక్ దగ్గర. అందరికీ వాయనాలు, తనకి గిన్నెలు."

"తనే కడుగుతానంటుంది కదా!"

"ఒక్కసారైనా కూర్చోమన్నావా?"

ద్వారకానాథ్ పేపరు మడిచాడు.

"వీసా రాకపోతే మరీసెల్ మనీలా వెళ్లాలి లీలా. అక్కడ వీళ్ల పెళ్లి చెల్లదు. అయినా మన చైత్ర వెంట వెళ్తుంది. అప్పుడు అందరికీ చెబుదువుగాని, హౌస్‌మేట్ ఖాళీ చేసిందని."

సాయంత్రం పేరంటాళ్లు వచ్చారు. మరీసెల్ డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, మామూలుగానే సింక్ దగ్గరికి వెళ్లింది. లీల వెనకే వెళ్లి కుళాయి కట్టేసింది. చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, అందరిలోకీ పెద్దావిడ శారదాంబ పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. శారదాంబ ఏమంటుందోనని ఊళ్లో ఆడవాళ్లందరికీ భయమే.

"ఈ అమ్మాయి నా కోడలు," అంది లీల. "చైత్ర భార్య. హౌస్‌మేట్ అని మీ అందరికీ చెప్పింది నేనే. దానివల్లే ఇప్పుడు వీసాకి అడ్డం పడింది."

లీల మరీసెల్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. వాయనం చేతిలో పట్టుకుంది.

"ఇస్తినమ్మ వాయనం."

మరీసెల్‌కు రాదని, బదులు తాను చెబుదామని చైత్ర నోరు తెరిచింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది మరీసెల్.

మూడుసార్లు అనాలి. లీల మూడుసార్లూ అంది. మరీసెల్ మూడుసార్లూ బదులిచ్చింది.

"నీకెవరు నేర్పారు?" అని లీల ఇంగ్లీషులో అడిగింది.

"ఎవరూ నేర్పలేదు ఆంటీ. వంటగదిలోకి వినపడుతుంది."

లీల చేతులు వాయనం మీదే ఉండిపోయాయి. రెండేళ్లుగా ఆ పిల్ల కుళాయి సన్నగా తిప్పుకుని గిన్నెలు కడగడం ఆమె చూసింది. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి ఆమెకు చేతులు ఖాళీ లేవు.

"అబ్బో, మాకేదో తెలీనట్టు!" అంది శారదాంబ. "దాని పళ్లెంలోంచి ఇది, దీని పళ్లెంలోంచి అది తింటుంటే చూస్తూనే ఉన్నాం. నువ్వు ఇబ్బంది పడతావని నోళ్లు కట్టుకున్నాం. వీసా గొడవేంటే?"

చైత్ర చెప్పింది.

"రేపు షాపింగ్ సెంటర్ దగ్గర ఆ సెనేటరమ్మ బల్ల వేసుకుని జనం మాట వింటుందిట కదా. నేనొస్తా. నేను సిటిజన్నే!"

శనివారం పదింటికి సెనేటర్ బల్ల దగ్గరికి శారదాంబ ఒక్కతే వస్తుందని లీల అనుకుంది. కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేరంటానికొచ్చిన నీలిమ నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఉదయశ్రీ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చింది. నిన్న పేరంటంలో ఉన్న ఆడవాళ్లంతా వరసలో నిలబడ్డారు. ఎవరి నోళ్లకు జడిసి ఇన్నాళ్లూ దాచిందో, ఆ ముఖాలన్నీ లీల ఒక్కొక్కటిగా చూసింది.

శారదాంబ తెలుగులోనే చెబుతుంటే చైత్ర ఇంగ్లీషులోకి మార్చింది. "వీళ్లది కాపురం. దెబ్బలాడుకోవడం కూడా నా కళ్లతో చూశా. రాసుకో."

"దెబ్బలాట కూడా చెప్పాలా, అమ్మమ్మగారూ?" అంది చైత్ర.

"చెప్పవే. అది లేకుండా ఎవరు నమ్ముతారు?"

సెనేటర్ నవ్వి రాసుకుంది. ఇలాంటి జంటల హక్కుల కోసం పార్లమెంటులో తాను ఓటేశానంది. వీసా నిర్ణయం తన చేతిలో లేదని, వీళ్ల మాటలు మాత్రం మంత్రికి పంపగలనని చెప్పింది. తర్వాత లీల వైపు చూసి, మరీసెల్ మీకేమవుతుందని అడిగింది.

"మై డాటర్స్ వైఫ్," అంది లీల. వరసలో చివరనున్న వాళ్లకు కూడా వినపడింది. మరీసెల్ ఆమె భుజం మీద తల ఆనించింది.

సెనేటర్ లేఖ సోమవారం మంత్రి కార్యాలయానికి వెళ్లింది. ఆ ఆడవాళ్లందరి వాంగ్మూలాలూ దానికి జతచేశారు. వీసాపై నిర్ణయం ఇంకా రాలేదు.